పెండ్లికారు క్యాంషాఫ్టును గూర్చి

మన సంఘపు షెవ్రొలే కారు ఇంజను మరమ్మతు ముప్పాతిక వంతు ముగిసినది. బ్లాకు బోరింగు అయినది. క్రాంకుషాఫ్టు గ్రైండింగు అయి వచ్చినది. పిస్టన్లు, రింగులు సమకూడినవి. ఇక మిగిలినది క్యాంషాఫ్టు. ఈ ఒక్క వస్తువును గూర్చి గడచిన కార్యవర్గ సమావేశములో రెండు గంటలసేపు వాదోపవాదములు జరిగి, తీర్మానము కాక, విషయము సర్వసభ్య సమావేశమునకు వాయిదా పడినది. చందాలిచ్చినవారే ఓటు వేయువారు. వారికి సంగతి తెలిసియుండుట మంచిదని మా యభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాము. మేము మెకానికులము కాము, మండీ వ్యాపారము చేయువారము. అయినను ఇరువదియేండ్లుగా లారీలు త్రిప్పుచున్నందున, విప్పిన ఇంజను ప్రక్కన కూర్చుండి ఎన్నో మధ్యాహ్నములు గడపినవారమే.

ఆ కారు ఏమిటో క్రొత్త కోడండ్రకును, అల్లుండ్రకును చెప్పవలసియున్నది. అది 1948 నాటి ఫ్లీట్‌మాస్టర్ నమూనా. ఆ రోజులలో జనరల్ మోటార్స్ కంపెనీకి బొంబాయి శివ్డీలో కార్లు కూర్చు కర్మాగారముండెను. అది 1928లో మొదలై 1954లో మూతపడినది. మన పెద్దలు దానిని చవర్లెట్టు అనియే పిలిచిరి, ఇప్పటికిని మా యింట అదే పేరు. గౌనిపల్లిలోను, శ్రీనివాసపురము, రాయలపాడు, మదనపల్లె వైపుల నున్న మన బంధువర్గములోను, ఆ కారులో మెరవణి జరుగని పెండ్లిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అమ్మమ్మ పెండ్లి పటములోను, మనుమరాలి పెండ్లి పటములోను అదే ముందుభాగము కానవచ్చు ఇండ్లు మన ఊరిలో పది కలవు. దాని పని ఏమనగా, దేవాలయము నుండి ఛత్రము వరకు నాదస్వరము వారి నడకతో సమానముగా, మొదటి గేరులో, గంటన్నరసేపు, ఆగుచు సాగుచు, ఆగిపోకుండ నడచుట. ఈ వాక్యమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము. క్యాంషాఫ్టు ఎంపిక యంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఆ ఇంజను ఆరు సిలిండర్లది, 216 ఘనపు అంగుళములు, అనగా మూడున్నర లీటర్లు. నిమిషమునకు 3300 చుట్ల యొద్ద 90 అశ్వశక్తులని కంపెనీవారు ప్రకటించిరి. బ్లాకు ప్రక్కభాగమున దాగియుండు ఇనుపదండమే క్యాంషాఫ్టు. క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగినప్పుడు ఇది ఒక చుట్టు తిరుగును. దానిపై సిలిండరునకు రెండు చొప్పున పండ్రెండు ఉబ్బులు కలవు. వానినే లోబులందురు. ఉబ్బు వచ్చినప్పుడు ట్యాపెట్టు లేచును, ట్యాపెట్టు పుష్‌రాడ్డును నెట్టును, పుష్‌రాడ్డు రాకరును ఊపును, రాకరు వాల్వును తెరచును. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు అను వరుసలో ఆరు సిలిండర్లు మండునట్లు ఈ దండము కాలము పంచియిచ్చును. డిస్ట్రిబ్యూటరు దీనితోనే తిరుగును, పెట్రోలు పంపును దీనితోనే ఆడును. ఏ వాల్వు ఎప్పుడు తెరచుకొనవలెనో, ఎంత లేవవలెనో, ఎప్పుడు మూసికొనవలెనో నిర్ణయించునది ఆ ఉబ్బు ఆకారము. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినను ఇంజను స్వభావము మారిపోవును.

మన పాత షాఫ్టును కోలారు బంగారు గనులలో ఫిట్టరుగా పనిచేసి, 2001లో గనులు మూతపడిన పిదప ఇంటనే చిన్న కార్ఖానా పెట్టుకొనిన పెద్దాయన కొలిచినారు. కనెక్టింగు రాడ్లకు తెల్లలోహపు బేరింగులు పోసియిచ్చినదియు వారే. ఇట్టి పని తెలిసినవారు మన జిల్లాలో ఇంకెందరుందురో! పండ్రెండు లోబులలో పది మంచి స్థితిలోనే కలవు. నాలుగవ, ఆరవ సిలిండర్ల ఎగ్జాస్టు లోబులు రెండును అరగి, కొనలపై సన్నని గుంటలు పడినవి. గత రెండు సంవత్సరములుగా మెరవణిలో కారు ఊగుటకు, పెండ్లికుమార్తె మెడలోని హారము గలగలలాడుటకు కారణము ఇదియే. కార్బురేటరును నిందించినవారు ఇక మానుకొనవచ్చును.

ఇప్పుడు సమావేశము ముందు మూడు మార్గములు కలవు. మన యువకులు కొందరు అమెరికా నుండి హెచ్చు ఎత్తు లేచు క్యాంషాఫ్టును తెప్పింపవలెనని పట్టుపట్టుచున్నారు. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు, చదివియే మాట్లాడుచున్నారు. 1953లో కార్వెట్ అను పందెపు తరహా కారును షెవ్రొలే వారు తెచ్చినప్పుడు ఇదే వంశపు ఆరు సిలిండర్ల ఇంజనునుండి 150 అశ్వశక్తులు రాబట్టిరి, అందు క్యాంషాఫ్టు పాత్ర కలదు అని వారు చెప్పుచున్నారు. నిజమే. కాని అది 235 ఘనపు అంగుళముల ఇంజను. దానికి మూడు కార్బురేటర్లు, హెచ్చు కంప్రెషను కలవు. క్యాంషాఫ్టు ఆ కూటమిలో ఒక భాగము మాత్రమే. ఒక్క దండమును మార్చి, తక్కిన ఇంజనును పాతదిగానే యుంచినచో రావలసిన శక్తి రాదు, ఉన్నది పోవును.

ఎట్లు పోవునో వివరింతుము. ఎక్కువ వేగమునకు కోసిన క్యాంషాఫ్టు ఇన్‌లెట్టు వాల్వును ఆలస్యముగా మూయును. వేగముగా తిరుగునప్పుడు గాలి దూకుడుతో లోపలికి వచ్చుచునే యుండును గనుక ఆ ఆలస్యము లాభము. మెల్లగా తిరుగునప్పుడు, పైకి వచ్చుచున్న పిస్టను, అప్పుడే పీల్చిన గాలిని, పెట్రోలును వచ్చిన దారినే వెనుకకు నెట్టివేయును. మీదుమిక్కిలి, రెండు వాల్వులును ఒకేమారు తెరచియుండు కాలము పెరుగును గనుక కాలిన పొగ క్రొత్త గాలిలో కలిసి, ఇంజను నిలుకడగా ఆడదు. పందెములో దీనిని సహింతురు. నాదస్వరము వెనుక సహింపగలమా? మనది సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన పీఠభూమి. వేయి అడుగులకు నూటికి మూడు వంతుల చొప్పున ఇంజను శక్తి తగ్గునని లెక్క. ఉన్న గాలియే పలుచన. దానినే వెనుకకు నెట్టు షాఫ్టును డబ్బిచ్చి కొనుట మాకు సమ్మతము కాదు.

ఇంతకన్న ముఖ్యమైన కారణము ఇంజను అడుగున నున్నది. 216 ఇంజనులో కనెక్టింగు రాడ్లకు ఒత్తిడితో నూనె పంపు ఏర్పాటు లేదు. రాడ్డు అడుగున నున్న చిన్న గరిట తొట్టెలోని నూనెను ముంచుకొని బేరింగునకు అందించును. మెత్తని తెల్లలోహము, గరిటతో నూనె, మితమైన వేగము, ఈ మూటి పొత్తు వలననే ఆ ఇంజన్లు దశాబ్దములు మన్నినవి. శక్తి 4000 చుట్ల యొద్ద నున్నదని చెప్పు షాఫ్టును పెట్టి, ఆ చుట్లకు పోరాని ఇంజనులో కూర్చుండబెట్టుట దేనికి? గనుల పెద్దాయన తన చేతులతో పోసిన బేరింగులు పగిలినచో మరల పోయువారిని ఎక్కడ వెదకుదుము? గట్టి స్ప్రింగులు వేయవలసివచ్చుట, వాని బరువు లోబులపై పడుట మొదలగునవి వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ మార్గము మదరాసు పుదుప్పేట నుండి బేరమునకు వచ్చిన, వాడని పాత సరకు షాఫ్టు. వెల చౌక. నూనె కాగితము చుట్టి, పెట్టెతో సహా చూపించినారు. కార్యవర్గములో ముగ్గురు దీనికి మ్రొగ్గుచున్నారు. కాని అది 235 ఇంజనులో, హైడ్రాలికు ట్యాపెట్లతో నడచుటకు కోసినదని తెలియవచ్చినది. పవర్‌గ్లైడ్ అను స్వయంచాలిత గేరు గల షెవ్రొలే కార్లలో 1950 నుండి అట్టి ట్యాపెట్లు వాడిరి. అవి నూనె ఒత్తిడితో సందును తామే పూడ్చుకొనును. మన ట్యాపెట్లు గట్టివి, వానికిని వాల్వునకును నడుమ సందు విడువవలెను. ఇన్‌లెట్టునకు అంగుళములో వేయవ వంతులు ఆరు, ఎగ్జాస్టునకు పదమూడు. ఆ సందును మెల్లగా దాటించుటకు గట్టి ట్యాపెట్ల లోబునకు మొదట, చివర చిన్న వాలు కోసి యుంచుదురు. హైడ్రాలికు లోబునకు ఆ వాలు ఆ విధముగా నుండదు. కలిపినచో ప్రతి చుట్టులోను సుత్తితో కొట్టినట్లగును, వాల్వు కూర్చుండు చోటు దెబ్బతినును. మా వ్యాపార భాషలో చెప్పవలెనన్న, తోతాపురి పెట్టెపై బాదామి చీటీ అంటించినంత మాత్రమున పండు మారదు. సరకు మంచిదే, అది మన సరకు కాదు.

మిగిలినది మన షాఫ్టునే బెంగుళూరు గ్రైండింగు కార్ఖానాకు పంపి, పండ్రెండు లోబులను కంపెనీ నాటి ఆకారమునకే తిరిగి కోయించుట. మేము దీని పక్షము. లోబు చుట్టును సమముగా కొంత లోహము తీసినచో ఎత్తు మరల మొదటి కొలతకు వచ్చును. ట్యాపెట్టు కొంచెము క్రిందికి దిగును, ఆ తేడాను రాకరుపై నున్న మర సరిచేయును. అపాయము ఒక్కటే. లోబు పైపొర గట్టిదనము లోతు తక్కువ. గుంటలు పోవువరకు కోసినప్పుడు ఆ పొర దాటిపోయి మెత్తని ఇనుము బయటపడవచ్చును. కావున కోసిన పిదప గట్టిదనము కొలిచి, ప్రతి లోబు ఎత్తును డయలు గేజితో చూచి, వ్రాతమూలకముగ ఇచ్చిననే సొమ్ము చెల్లింపవలెను. నోటిమాట చాలదు. గట్టిదనము నిలువకున్నచో, అప్పుడు విదేశము నుండియైనను క్రొత్త షాఫ్టు తెప్పింతము, కాని కంపెనీ కొలతలది, గట్టి ట్యాపెట్లకు తగినది.

ఏ షాఫ్టు వచ్చినను పండ్రెండు ట్యాపెట్లును క్రొత్తవో, అడుగు తిరిగి కోసినవో కావలెను. ఇందు పొదుపు పనికిరాదు. మా బంధువులలో ఒకరు పాత లారీకి క్రొత్త క్యాంషాఫ్టు వేయించిరి. పని చేసిన కార్ఖానావారు పాత ట్యాపెట్లనే, అవి బాగుగనే యున్నవని, వరుస కూడ చూడక తిరిగి పెట్టిరి. మామిడి కాపు ముగియక మునుపే మూడు లోబులు బల్లపరుపైనవి. ట్యాపెట్టు తన లోబుతో కలిసి అరగును, ఆడుచు ఆడుచు తన చోట తాను మెల్లగా తిరుగుచుండును. ఒకదానితో అరగినదానిని వేరొకదానిపై పెట్టినచో తిరుగుట మాని గీకుట మొదలిడును. ఖాతాలో ఆదాయైన సొమ్ము ట్యాపెట్లది, పోయినది షాఫ్టు, లోహపు రజను తిన్న బేరింగులు, ఒక కాపు బాడుగ.

షాఫ్టు చివర బిగించియున్న గేరు నాదము రాకుండ నారతో అదిమి చేసినది. దానిని ప్రెస్సుతోనే ఊడదీయవలెను, సుత్తి తాకరాదు. పళ్ళు పొరలు లేచుచున్నవేమో చూడవలెను.

ఇక మొదటిసారి నడుపుట. శుభముహూర్తమున తాళము త్రిప్పి, కొబ్బరికాయ కొట్టి, పదినిమిషములు మెల్లగా ఆడనిచ్చి ఆపివేయవలెనని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ముహూర్తమునకు మాకు అభ్యంతరము లేదు, మెల్లగా ఆడనిచ్చుటకు కలదు. లోబులపై నూనె పడునది ముఖ్యముగా క్రాంకుషాఫ్టు చిమ్మిన తుంపరల వలన. మెల్లగా ఆడినచో తుంపర లేదు. లోబులకు ముందుగా పసరువలె చిక్కని మందునూనె పట్టించి, ఇంజను అంటుకొనిన తక్షణమే నిమిషమునకు 1500 మొదలు 2000 చుట్ల నడుమ ఇరువది నిమిషములు తిప్పవలెను. రేడియేటరులో నీరు, ట్యాంకులో పెట్రోలు, ఇగ్నిషను గుర్తులు ముందే సరిచూచుకొనవలెను, నడుమ ఆగరాదు. నూనె సంగతి కూడ చెప్పవలెను. ఈ కాలపు పెట్రోలు కార్ల నూనెలలో జింకు, భాస్వరము కలసిన మందును తగ్గించినారు, పొగగొట్టములోని శుద్ధియంత్రము చెడకుండుటకు. మన ట్యాపెట్లను కాపాడునది ఆ మందే. లారీలలో పోయు సిఐ-4 తరగతి డీజిలు నూనెలో అది ఇంకను తగినంత కలదు. అంగడిలో వెలహెచ్చు డబ్బా చూచి మోసపోవలదు.

చట్టము మాట ఒకటి మిగిలినది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము ప్రాచీన వాహనముల నమోదునకు నియమములు ప్రకటించినది. మొదటి నమోదు నుండి ఏబది సంవత్సరములు దాటి, చాసీకి గాని, బాడీకి గాని, ఇంజనుకు గాని మార్పు చేయని కార్లకు ఆ హోదా దొరకును. రుసుము ఇరువదివేల రూపాయలు, గడువు పది సంవత్సరములు. అట్టి కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప దైనందిన రాకపోకలకు వాడరాదు గనుక మనము కోరవలెనా అన్నది వేరు చర్చ, మెరవణి ప్రదర్శన యగునా అని వకీళ్ళు తేల్చవలెను. అయినను రేపు కోరదలచినచో, ఇంజను స్వభావము మార్చిన షాఫ్టు తనిఖీలో ప్రశ్నకు దారితీయవచ్చును. కంపెనీ కొలతల షాఫ్టుకు ఆ చిక్కు లేదు.

పాత షాఫ్టు, పుదుప్పేట షాఫ్టు రెండును సంఘ కార్యాలయములో బల్లపై ప్రక్కప్రక్కన పెట్టించినాము. ఆదివారము ఉదయము పది గంటల నుండి సమావేశము వరకు సభ్యులు వచ్చి చూడవచ్చును. మైక్రోమీటరు గలవారు తెచ్చుకొనవలెను. గనుల పెద్దాయన పండ్రెండు గంటలకు వత్తురు. హెచ్చు ఎత్తు షాఫ్టు కోరు యువకులు తమ పటములతోను, లెక్కలతోను వచ్చి ఆయన యెదుట వాదింపవలెనని మనవి. వారికి చెప్పుకొనుటకు గంటసేపు ప్రత్యేకముగ కేటాయించినాము.