తిరగని బండి మీద ఇంత మోజా?

"సింగిల్ ఓనరండీ. మాస్టారి బండి. ఎనిమిదేళ్లయినా ఇరవై రెండు వేలే తిరిగింది." జంగారెడ్డిగూడెంలో పాత కారు బేరం ఎక్కడ జరిగినా ఈ మూడు ముక్కలూ వినపడాల్సిందే. మూడో ముక్కకి కొనేవాడి మొహం వెలిగిపోతుంది. ఆ తర్వాత బానెట్ ఎత్తి చూడటం కూడా లాంఛనమే. పక్కనే అదే ఏడాది, అదే మోడల్, లక్షన్నర తిరిగిన బండి ఉన్నా దాని వంక చూసేవాడుండడు.

అమ్మేవాడిదీ, కొనేవాడిదీ, ఇంటి ముందు షెడ్డేసి కారు దాచుకున్నవాడిదీ ఒకటే లెక్క: తిరిగితే అరుగుతుంది, తిరక్కపోతే కొత్తదిలా ఉంటుంది. వినడానికి ఎంత సబబుగా ఉందో, చిన్న పెట్రోలు ఇంజన్ విషయంలో అంత తప్పు. ఆ ఇంజన్ని చంపేది దూరం కాదు. వేడెక్కక ముందే ఆపెయ్యడం, నెలల తరబడి కదలకుండా ఉంచడం, "తిరగలేదుగా" అంటూ ఆయిల్ మార్చకపోవడం. ఈ మూడూ చేసి, మీటరు చూసుకుని మురిసిపోతున్నాం.

ఈ నమ్మకం లారీల నుంచి వచ్చిందనుకుంటాను. లారీ రోజూ తిరుగుతుంది. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలిస్తే ఎంత కాలం గడిచిందో, ఎంత అరిగిందో అన్నీ తెలిసిపోతాయి. ట్యాక్సీ అయినా అంతే. అక్కడ కిలోమీటరు సరైన కొలతే. వారానికి రెండుసార్లు బయటికి తీసే ఆల్టోకి అదే కొలబద్ద పెడితేనే చిక్కు. చిత్రమేంటంటే, ఈ సంగతి మన మెట్ట రైతుకి తెలియంది కాదు. ట్రాక్టరుకి సర్వీసింగ్ ఎప్పుడంటే కిలోమీటర్లు చెప్పడు, గంటలు చెబుతాడు. ఆయిల్‌పామ్ తోటలో ట్రాలీ కట్టుకుని నిలబడినా ఇంజన్ ఆడుతూనే ఉంటుందని అతనికి తెలుసు కాబట్టి అవర్ మీటరు చూస్తాడు. అదే మనిషి కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివినంతా ట్రాక్టరు మీదే వదిలేసి వస్తాడు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పెట్రోలు కాలితే పొగ వస్తుందని అందరికీ తెలుసు, నీళ్లు వస్తాయని చాలామందికి తెలియదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కంప్యూటరు పెట్రోలు కూడా ఎక్కువే పోస్తుంది, లేకపోతే బండి అందుకోదు. ఆ ఎక్కువ పోసిన దాంట్లో కాలకుండా మిగిలింది సిలిండరు గోడల మీదున్న ఆయిల్ పొరని కడిగేస్తూ అదే చాంబర్లోకి చేరుతుంది. అంటే చల్లటి ఇంజన్ నడిచిన ప్రతిసారీ ఆయిల్లో కాసిని నీళ్లు, కాస్త పెట్రోలు కలుస్తున్నాయన్న మాట.

ఇంజన్ తయారు చేసినవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించారు. ఆయిల్ బాగా కాగితే నీళ్లూ పెట్రోలూ మళ్లీ ఆవిరై, దానికని పెట్టిన గొట్టం ద్వారా తిరిగి ఇంజన్లోకే వెళ్లి కాలిపోతాయి. కాకపోతే ఆయిల్ వంద డిగ్రీల దరిదాపులకి చేరాలి, కాసేపు అక్కడ ఉండాలి. అందుకు ఆగకుండా పది, పదిహేను కిలోమీటర్లయినా పోవాలి. రేడియేటర్ నీళ్లు ఐదారు నిమిషాల్లో వేడెక్కుతాయి, మీటరు ముల్లు ఉన్న బండ్లలో అది మధ్యకొచ్చి నిలబడుతుంది. "ఇంజన్ వేడెక్కింది" అని మనం అనుకునేది ఆ ముల్లు చూసే. ఆయిల్ వేడెక్కడం దానికంటే చాలా వెనక ఉంటుంది.

"మన ఊరి ఎండలకి ఇంజన్ వేడెక్కకపోవడమేంటండీ" అని మే నెలలో ఎవరన్నా అడిగితే నవ్వొచ్చే మాటే. కానీ నలభై నాలుగు డిగ్రీల ఎండకీ, ఆయిల్‌కి కావలసిన వంద డిగ్రీలకీ మధ్య ఇంకా సగం పైగా దూరముంది. ఎండ ఆ దూరాన్ని కాస్త తగ్గిస్తుంది, అంతే. ఇక వానాకాలంలో, ధనుర్మాసపు పొద్దుల్లో ఆ పాటి సాయం కూడా ఉండదు.

ఇప్పుడు మన తిరుగుళ్లు చూడండి. ఇంటి నుంచి బస్టాండు, బస్టాండు నుంచి మార్కెట్టు. మంగళవారం గుర్వాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామి దర్శనం. అది ఊరి పక్కనే, నీళ్లు కాగేలోపు గుడి వచ్చేస్తుంది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు ఇలా చిన్న చిన్న ముక్కలుగా తిరిగిన ఇంజన్, ఆయిల్ సరిగ్గా కాగిన రోజంటూ ఎరగదు. చిన్న ఇంజన్‌కి ఇది ఇంకా ఎక్కువ దెబ్బ. ఆల్టో తరగతి బండిలో పట్టే ఆయిలే దాదాపు మూడు లీటర్లు. పెద్ద డీజిల్ బండిలో ఆరేడు లీటర్లలో కలిసి పలచబడిపోయే మురికి, ఇక్కడ మూడు లీటర్లలోనే పేరుకుంటుంది. ఉన్నవి మూడే సిలిండర్లు. రింగులు బిగుసుకుపోయి ఒకటి మూలన పడితే మూడో వంతు బలం పోయినట్టే.

"ఏడాదైందండీ, ఆయిల్ చుక్క తగ్గలేదు" అని గొప్పగా చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి గేజి తీసి వాసన చూడమనండి. తగ్గిన ఆయిల్ చోటులోకి పెట్రోలు వచ్చి చేరి ఉండొచ్చు. మట్టం పెరిగిందంటే మరీ అనుమానించాలి.

ఇక పొద్దున్నే జరిగే తతంగం ఒకటుంది. బండి బయటికి తియ్యరు కానీ రోజూ స్టార్ట్ చేసి, పేపరు చదివినంతసేపూ అలా వదిలేస్తారు. "ఇంజన్ పట్టెయ్యకుండా" అంటారు. ఇది కార్బురేటరు కాలపు అలవాటు. అంబాసిడర్‌కీ, పద్మినికీ చోకు లాగి, ఇంజన్ కాస్త వేడెక్కేదాకా ఆగాల్సొచ్చేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800కీ మొదట్లో కార్బురేటరే. ఆ 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ వంశం ఆల్టో 800 దాకా నడిచి 2023లో ఆగింది. ఈలోగా, 2000 ప్రాంతంలోనే, కార్బురేటరు పోయి, కంప్యూటరే పెట్రోలు కొలిచి పోసే ఎంపీఎఫ్‌ఐ వచ్చేసింది. చోకు మాయమై పాతికేళ్లయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. నిలబెట్టి ఆడించే ఇంజన్లో ఆయిల్ కాగదు, పెట్రోలు ఎక్కువ పడుతుంది, నీళ్లు దిగుతాయి, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలోంచి పోయింది తిరిగి నిండదు. మంచి చేస్తున్నామనుకుంటూ రోజూ కాస్త కాస్త పాడు చేస్తున్నాం. అసలు స్టార్ట్ చెయ్యకుండా ఉంచినా ఇంతకంటే నయం. స్టార్ట్ చేసిన అర నిమిషానికి మెల్లగా కదిలి, ఊరు దాటేదాకా రేసు చెయ్యకుండా పోవడమే ఇప్పటి ఇంజన్‌కి కావాలి.

కాలానికి పాడయ్యేవి ఇంకా ఉన్నాయి. పాత 796 సీసీ ఇంజన్లకి టైమింగ్ బెల్టు ఉంటుంది. అది రబ్బరు, తిరిగినా తిరక్కపోయినా ముసలిదవుతుంది. లక్ష కిలోమీటర్లకి మార్చాలి కదా అని ఇరవై రెండు వేల దగ్గర ధీమాగా ఉంటే, పదిహేనేళ్ల బెల్టు నడిరోడ్డు మీద తెగుతుంది. తర్వాత వచ్చిన కె10 ఇంజన్లో బెల్టు బదులు చైనుంది, దానికి ప్రాణం శుభ్రమైన ఆయిలే. కూలెంట్లో తుప్పు పట్టనివ్వని మందు కాలంతో చచ్చిపోతుంది. అది అయిపోగానే బోరు నీళ్లు పోసేవాళ్ల గురించి ఏమీ అనను, వాళ్ల రేడియేటరే చెబుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ మరగడానికి 205 డిగ్రీలు కావాలి, తేమ పట్టాక 140 చాలు. ఆ తేడా మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది.

ట్యాంకులో పెట్రోలు సంగతి వేరే చెప్పాలి. ఇప్పుడు బంకులో పోసే దాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చెరకు నుంచీ, నూకల నుంచీ, మన మెట్టలో పండే మొక్కజొన్న లాంటి దాన్నుంచీ చేసేదే. ఇథనాల్‌కి నీళ్లంటే ఇష్టం. వానాకాలమంతా పావు ట్యాంకుతో షెడ్డులో నిలబడిన బండిలో అది తేమ లాక్కుంటుంది, మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతుంది. రోజూ తిరిగి వారానికోసారి ట్యాంకు నింపుకునే బండికి ఈ బాధే లేదు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. "నేను తిప్పేదే తక్కువ, నాకేంటి" అనుకునే ఆసామి ట్యాంకులోనే ఆ పెట్రోలు ఎక్కువ కాలం నానుతుంది.

మన వైపు ఇలాంటి బండ్లకి కొదవ లేదు. అబ్బాయి అమెరికాలో ఉంటాడు, నాన్నగారికి చిన్న కారు కొనిస్తాడు. నాన్నగారు దాన్ని కారులా కాకుండా కొడుకు పంపిన వస్తువులా చూసుకుంటారు. గుడ్డ కప్పుతారు, తుడుస్తారు, బయటికి తియ్యరు. సర్వీసింగ్ అంటే "రెండు వేలు కూడా తిరగలేదు, ఎందుకురా డబ్బులు" అంటారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో మాత్రం "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని ఉంటుంది. ఆ "లేదా" తర్వాతి ముక్క ఎవరూ చదవరు. అదే పుస్తకంలో పదే పదే తక్కువ దూరాలు నడపడాన్ని, దుమ్ము రోడ్లనీ కష్టమైన వాడకం కింద రాసి, అలాంటి బండికి ఆయిల్ ఇంకా ముందే మార్చమంటారు. మన దృష్టిలో సుఖంగా ఉన్న బండి, చేసినవాడి దృష్టిలో కష్టపడుతున్న బండి. మూడు లీటర్ల ఆయిలూ, ఫిల్టరూ బయట షెడ్డులో వేయించుకుంటే రెండు వేల లోపు ఖర్చు. ఇంజన్ విప్పాల్సి వస్తే లెక్క పదుల వేలల్లోకి పోతుంది.

ఇన్సూరెన్స్ వాళ్లకి మీటరుతో పని లేదని గమనించారా? ఏడాది దాటితే 20 శాతం, నాలుగేళ్లు దాటితే సగం అని బండి వయసు చూసే విలువ తగ్గిస్తారు. వాళ్లు లెక్క తెలిసినవాళ్లు.

మీటరు మీద మనకున్న ఈ మోజు ఇంకో పని కూడా చేసింది. తక్కువ అంకెకి ఎక్కువ డబ్బు ఇస్తామని మనమే చాటుతుంటే, అంకె తగ్గించేవాడు పుట్టడా? డిజిటల్ మీటర్లు వచ్చాక ఆ పని లాప్‌టాప్‌తో అయిపోతోంది. లక్షా ముప్ఫై వేలని నలభై వేలు చేసినవాణ్ని తిడతాం, ఆ నలభై వేలకి ఎగబడినది మాత్రం మనం కాదన్నట్టు. మన ఊరి వేలం కేంద్రంలో పొగాకు బేలు పైన చీటీ చూసి ధర కట్టమంటే ఏ కొనుగోలుదారుడైనా ఒప్పుకుంటాడా? ఆకు చూడందే మాట్లాడడు.

కిలోమీటర్లకి అసలు అర్థమే లేదని నేననను. క్లచ్ ప్లేటు, టైర్లు, సస్పెన్షన్ దూరానికే అరుగుతాయి. బిల్లుల్లేకుండా రెండు లక్షలు తిరిగిన బండిని కళ్లు మూసుకుని కొనమనీ చెప్పను. కానీ గన్నవరం, మధురపూడి విమానాశ్రయాలకి రోజూ పోయొచ్చే పెట్రోలు ట్యాక్సీకి ఇంజన్ పొద్దున ఒకసారి చల్లగా స్టార్టవుతుంది, ఇక రోజంతా కాగే ఉంటుంది. ఆయిల్ టైముకి మారిస్తే రెండు లక్షలు దాటినా అది బోరుకి రాదు. ఇరవై రెండు వేల మాస్టారి బండి ఇంజన్ ఆ ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు చల్లగా స్టార్టయిందో ఏ మీటరూ రాసుకోదు.

కాబట్టి బేరానికి వెళ్తే పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే ఎందుకని అడగండి. ఆయిల్ పోసే మూత విప్పి లోపలి వైపు చూడండి. తెల్లగా మీగడ కట్టినట్టుంటే చిన్న తిరుగుళ్లయినా కారణం, హెడ్ గాస్కెట్ అయినా కారణం. రెండోదైతే దండం పెట్టి వచ్చెయ్యండి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం చేసిన టైరన్న మాట. తక్కువ తిరిగిన బండికి ఆ పాత టైర్లే ఉంటాయి, గాడులు నిండుగా, రబ్బరు పగిలి. ఆ తర్వాత ఏడాదికొకటి చొప్పున ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. బిల్లులుంటే లక్షన్నర బండైనా తీసుకోవచ్చు. లేకపోతే ఇరవై రెండు వేల బండికి ధర తగ్గించి అడగండి.

ఇంట్లో ఉన్న బండికైతే ఇంతకంటే తేలిక. ఉగాదికో దసరాకో, గుర్తుండే రోజొకటి పెట్టుకుని ఏటా ఆయిల్ మార్పించాలి. పొద్దున్నే స్టార్ట్ చేసి వదిలేసే పని మానెయ్యాలి. పదిహేను రోజులకోసారి నాన్నగారినీ అమ్మగారినీ ఎక్కించుకుని, మద్ది దగ్గరే ఆగిపోకుండా, ద్వారకా తిరుమల దాకా పోయి రావాలి.