దుబాయ్‌లో సంగీతం క్లాసు: సరళీ వరుసల కంటే ముందు పర్మిట్

మా సైటులో ఒక ఫోర్‌మన్ ఉన్నాడు, కోనసీమ మనిషి. ఆయన భార్య ఊళ్లో గాత్రం డిప్లొమా చేసి వచ్చారు. ఖుసైస్‌లోని ఫ్లాటులో పక్కింటి ఇద్దరు పిల్లలకు సరళీ వరుసలు మొదలుపెడితే, ఏడాది తిరిగేసరికి పద్నాలుగు మంది చేరారు. ఒక సాయంత్రం కింది ఫ్లాటువాళ్లు వాచ్‌మన్‌కు చెప్పారు, వాచ్‌మన్ బిల్డింగ్ ఓనరు మనిషికి చెప్పాడు. ‘లైసెన్స్ ఉందా?’ అని ఒక్క మాట అడిగేసరికి క్లాసు ఆగిపోయింది. జరిమానా దాకా పోలేదు, అంతవరకు నయం.

మేము, అంటే ఆ సైటులోని తెలుగు సూపర్‌వైజర్లం, వారం పాటు మెస్సులో ఇదే మాట్లాడుకున్నాం. పాస్‌పోర్టు, వీసా అంటే అంత జాగ్రత్తపడే మనవాళ్లు ట్యూషన్ దగ్గరికొచ్చేసరికి ‘పిల్లలకు పాట నేర్పితే తప్పేంటండీ’ అంటారు. ఊరికే నేర్పితే ఎవరూ ఏమీ అనరు. నెల ఫీజు చేతిలో పడిన రోజు నుంచి అది పని కిందికి వస్తుంది. ఇక్కడ పనికి కాగితం కావాలి.

2023 డిసెంబరులో యూఏఈ ప్రభుత్వం ప్రైవేట్ ట్యూషన్లకు ప్రత్యేక పర్మిట్ తెచ్చింది. రెండేళ్లు చెల్లుతుంది, ఫీజు లేదు. స్కూలు టీచర్లే కాక ఉద్యోగం లేనివారు, యూనివర్సిటీ విద్యార్థులు కూడా అడగవచ్చు. ఇంట్లో ఉండే మన ఆడవాళ్లకు ఇది మంచి కబురే. కానీ దాన్ని తెచ్చింది ముఖ్యంగా స్కూలు పాఠాల ట్యూషన్ల కోసం. సంగీతానికి వర్తిస్తుందా లేదా అన్నది దరఖాస్తు పెట్టి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ‘నేను ఇప్పిస్తాను, ఇంత ఇవ్వండి’ అనే టైపింగ్ సెంటర్ దళారిని నమ్మకండి. ఫీజే లేని పర్మిట్‌కు ఆయనకు ఎందుకు కట్టాలి?

బోర్డు పెట్టి, గది తీసుకుని నడపాలంటే దారి వేరు. ట్రేడ్ లైసెన్స్‌తో పాటు శిక్షణ సంస్థలకు కేహెచ్‌డీఏ అనుమతి కావాలి. మృదంగం నేర్పడానికి విజిట్ వీసా మీద వచ్చిన బావమరిదిని కూర్చోబెడదాం అనుకుంటే అక్కడే మునుగుతారు. పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్నవారికి 2024లో జరిమానాను పెంచారు, ఇప్పుడది లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా ఉంటుంది. కంపెనీ వీసా మీద ఉండి సెలవు రోజు డోలక్ నేర్పి నాలుగు రాళ్లు సంపాదిద్దామనుకునే మన తమ్ముళ్లకూ ఇదే మాట. ముందు పార్ట్‌టైమ్ పర్మిట్ చూసుకోండి.

ఇక గోడల సంగతి, ఇది మా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాం. ఆ ఫోర్‌మన్ మొదట చేసింది గోడకు గుడ్ల ట్రేలు అంటించడం. తర్వాత స్పాంజి షీట్లు కొన్నాడు. రెండూ గదిలో ప్రతిధ్వనిని ఏదో కొంత తగ్గిస్తాయి గానీ పక్కింటికి పోయే శబ్దాన్ని ఆపవు. శబ్దాన్ని ఆపేది బరువు. రెండు పొరల జిప్సమ్ బోర్డు, మధ్యలో రాక్‌వూల్, అంచుల్లో సీలెంట్ ఉండాలి. ఇంత చేసినా తలుపు కింద వేలు పట్టేంత సందు ఉంటే చేసిందంతా దండగ. ఏసీ డక్టు నుంచీ శబ్దం పోతుంది. కింది ఇంటివాళ్ల గొడవ మృదంగం వల్ల అయితే దాన్ని నేల మీద కాక మందపాటి రబ్బరు మ్యాట్ మీద పెట్టి చూడండి.

అలాగని అద్దె ఫ్లాటులో సొంతంగా పార్టిషన్ లేపకండి. అనుమతి లేని పార్టిషన్ల మీద దుబాయ్ మునిసిపాలిటీ 2025 జూన్‌లో రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా వంటి చోట్ల గట్టిగా తనిఖీలు చేసింది. బెడ్‌స్పేస్‌ల మీద మొదలైన తనిఖీ పాటల గదిని మాత్రం వదిలేస్తుందా?

డబ్బు లెక్క కూడా వేసి చూశాం. ఇరవై మంది పిల్లలు, తలా 200 దిర్హాములు అనుకుంటే నెలకు 4,000. జూలై, ఆగస్టుల్లో స్కూళ్లకు సెలవులు, సగం కుటుంబాలు ఊరికెళ్తాయి. కాబట్టి ఏడాదికి పది నెలల ఆదాయమే, అంటే 40,000. వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే 3,75,000 దిర్హాములకు ఇది చాలా దూరం, ఆ భయం అక్కర్లేదు. కానీ ఇందులోంచే గది అద్దె, లైసెన్స్ ఖర్చు పోతే మిగిలేది ఏముంది? ఒక్కరే పెట్టే స్టూడియో ఇక్కడే దెబ్బతింటుంది. నలుగురు టీచర్లు, అంటే గాత్రం, కీబోర్డు, వీణ, నాట్యం కలిసి ఒకే లైసెన్స్ ఉన్న చోట గంటలు పంచుకుంటే కొంత నిలబడుతుంది.

ఫోర్‌మన్ భార్య చివరికి అదే చేశారు. లైసెన్స్ ఉన్న ఒక సంస్థ ఆమెకు వర్క్ పర్మిట్ తీయించింది. శని, ఆదివారాల్లో క్లాసులు, ఫీజులో వాటా. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది వెంట వచ్చారు. మిగతావాళ్ల తల్లిదండ్రులకు అంత దూరం దించి తీసుకురావడం కుదరలేదట. కొన్న రాక్‌వూల్ మాత్రం ఇంకా ఫోర్‌మన్ మంచం కిందే ఉంది, ఎవరికైనా కావాలంటే సగం ధరకు ఇస్తానంటున్నాడు.