వదులు బట్టలు, వదరు మాటలు



మగవారి దుస్తులను గూర్చి ఆడువారి పత్రికలో వ్రాయుట యేమని మీలో కొందరు నవ్వవచ్చును. కాని మగవాని చొక్కాకు గుడ్డ యెంచునది, ఊడిన గుండీ కుట్టునది, కాలరు మురికి వదలగొట్టునది మన యిండ్లలో హెచ్చుగా స్త్రీయే. కావున ఈ విషయమున మాటాడు అధికారము మనకు లేకపోలేదు. అదియుగాక, మొన్న సంక్రాంతికి మేము వర్నికి పోయి యుండగా ఒక యింట జరిగిన చిన్న సంగతి మా మనస్సును విడువకున్నది. అందులో మా తప్పును కొంత గలదు. దానిని చెప్పుకొనుటకే ఈ నెల కలము పట్టితిమి.

వర్ని నిజామాబాదు జిల్లాలో బాన్సువాడ ప్రాంతమున నున్నది. 1931లో మంజీరానదిపై నిజాంసాగరు కట్ట పూర్తియైన పిదప, ఆ కాలువనీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి రైతుకుటుంబములు పెక్కులు ఈ చుట్టుపట్లకు వచ్చి, క్యాంపులు కట్టుకొని, రాళ్ళనేలను వరిపొలములుగా మార్చినవి. మేము దిగినది అట్టి కుటుంబమువారి యింట. ఇంటి పెద్ద డెబ్బది యేండ్లు దాటినవారు. మనుమడు హైదరాబాదులో చదువుచున్నాడు. భోగినాటి రాత్రి వాడు వచ్చెను. మరునాటి యుదయమున తలంటి పోసికొని క్రొత్తబట్టలు కట్టుకొని వసారాలోనికి రాగా అందరమును నోరు తెరచి చూచితిమి.

వాని ప్యాంటు ఒక్కొక్క కాలిలో రెండేసి కాళ్ళు పట్టునంత వెడల్పు. నడుమువద్ద లోతైన కుచ్చిళ్ళు. అంచులు నేలను రాచుచున్నవి. చొక్కా భుజపు కుట్టు భుజముమీద లేదు, మోచేతికి సగము దూరము దిగి యున్నది. తాతగారు చుట్ట ప్రక్కన బెట్టి, "ఏరా, ధాన్యం కాటా వేశాక మిగిలిన గోనెసంచులు కుట్టించావా?" అనిరి. మేనమామ, "జాగ్రత్తరా, గాలి వీస్తే పతంగిలా లేచిపోతావు" అనెను. ఇల్లంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. పిల్లవాడును మొదట నవ్వెను. పిదప నవ్వు మానివేసెను.

వాడు కోపపడక సెల్‌ఫోను తీసి, పారిసు నగరమున జరిగిన యొక పురుషవస్త్ర ప్రదర్శనను మాకు చూపెను. యోజి యమమోటో అను జపానుదేశపు వస్త్రకళావేత్త కల్పించిన దుస్తులవి. పొడవైన నల్లకోటులు, జారు భుజములు, మడమలపై కుప్పపడు ప్యాంటులు. ఆడువారమందరము చుట్టు చేరితిమి. "ఒక కోటులో ఇద్దరు పడతారమ్మా" అని యొకతె. "ఈ గుడ్డతో నాలుగు జాకెట్లు వస్తాయి" అని మరియొకతె. తాతగారు, "ఇంత డబ్బు పోసి ఈ వేషమా!" అని పెదవి విరిచిరి. ప్రక్కయింటి కుట్టుపని యామె మాత్రము మాటాడక, మరల మరల వేయించి చూచి, "భుజం అంత కిందికి దిగినా కోటు వెనక్కి జారడంలేదు చూడండి. ఎలా నిలబెట్టాడో!" అనెను. అంతమందిలో బట్టను చూచినది ఆమె యొక్కతెయే. తక్కినవారము మా అలవాటునే చూచుకొంటిమి.

మధ్యాహ్నము బంధువుల యింట భోజనము. బయలుదేరునపుడు తాతగారు, "ఆ వేషంతో నా వెంట రావద్దు. మార్చుకుని వస్తే రా" అనిరి. పిల్లవాడు మార్చుకొనలేదు, రాలేదు. గదిలో కూర్చుండి, "రేపే హైదరాబాదు వెళ్ళిపోతాను" అని తల్లితో మాత్రము చెప్పెను. పండుగకు వచ్చిన బిడ్డ పండుగనాడే సంచి సర్దుకొనుచుండగా ఆ తల్లి ముఖమును చూచి, ఉదయము నవ్విన నవ్వు మాకు గొంతులో అడ్డుపడినది.

ఇంతకును ఆ దుస్తులు కల్పించిన యతడెవడు? యమమోటో 1943లో టోకియోలో పుట్టెను. తండ్రి రెండవ ప్రపంచయుద్ధమునకు పోయి మరలి రాలేదు. తల్లి ఫూమి కుట్టుపనితో కుమారుని పెంచి పెద్దవానిని జేసెను. అతడు కేయో విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివియు న్యాయవాది కాలేదు. తల్లి దుకాణమున చేరి, బుంకా కళాశాలలో కత్తిరింపు నేర్చి, 1972లో సొంత సంస్థను నెలకొల్పెను. 1981లో అతడును, రేయి కవకుబో అను వనితయు పారిసులో స్త్రీల దుస్తులను ప్రదర్శింపగా, ఆ నల్లని వదులు బట్టలను చూచి పత్రికలవారు కొందరు హిరోషిమా శిథిలములతో పోల్చి ఎగతాళి చేసిరి. తండ్రిని యుద్ధము మ్రింగినవానికి ఆ మాట ఎట్లు తాకియుండునో ఊహింపుడు. అయినను అతడు తన కత్తెరను మార్చుకొనలేదు. 1984లో పురుషుల దుస్తులను గూడ పారిసులో చూపెను. 2009లో సంస్థ అప్పులపాలై కోర్టు నాశ్రయింపవలసి వచ్చినను మరల నిలదొక్కుకొనెను. నాడు నవ్వినవారి దేశములలోనే నేడు అతని పాత కోటులను వస్తుప్రదర్శనశాలలలో భద్రపరచుచున్నారు.

వదులు బట్ట కుట్టుట సులభమని తలంపకుడు. గుడ్డ హెచ్చుగా వేసినంతమాత్రమున అది వదులు దుస్తు గాదు, సంచి యగును. బిగుతు బట్టకు రూపమిచ్చునది దేహము. వదులు బట్ట తన రూపమును తానే నిలుపుకొనవలెను. కోటు బరువంతయు మెడవద్దను భుజముపైనను నిలుచును. ఆ రెండుచోట్ల కత్తిరింపు తప్పెనా, ముందుభాగము పైకి లేచి వెనుకభాగము జారిపోవును. గంజిపెట్టినట్టి గట్టి గుడ్డ నిక్కి నిలుచును. బరువైన మెత్తని గుడ్డ పారుచున్న నీటివలె దిగును. నిలువుపోగున కత్తిరించిన యొకరీతి, క్రాసున కత్తిరించిన మరియొకరీతి. క్రాసుకట్టు జాకెట్టు కుట్టిన ప్రతి సోదరికిని ఈ రహస్యము తెలియును. దేహమునకును వస్త్రమునకును నడుమ గాలికి ఎంత చోటు విడువవలెనో నిర్ణయించుటయే యమమోటో పనితనము.

బట్టను చూచి నవ్వు నవ్వు నవ్వుతోనే ఆగునని నమ్మరాదు. 1942లో అమెరికా ప్రభుత్వము యుద్ధావసరములకై ఉన్నిగుడ్డను పొదుపు చేయుటకు దుస్తుల కొలతలపై నిబంధనలు పెట్టినది. ఆ దినములలో మెక్సికో సంతతి యువకులును నల్లజాతి యువకులును జూటుసూటు అను దుస్తును ధరించుచుండిరి. మోకాళ్ళదాక కోటు, పైన వెడల్పై మడమవద్ద బిగిసిన ప్యాంటు. 1943 జూనులో లాస్ ఏంజెలిస్ నగరమున నావికులును సైనికులును గుంపులుగా తిరిగి, ఆ దుస్తులు వేసికొన్న పిల్లలను పట్టి కొట్టి, నడివీధిలో వారి బట్టలు ఊడదీసిరి. పోలీసులు కొనిపోయినది పెక్కుసారులు దెబ్బలు తిన్నవారినే. గుడ్డ వృథాయగుచున్నదను మాట పైకి చెప్పిన కారణము; ఆ పిల్లల మేనిరంగుపై నున్న ద్వేషము లోపలి కారణము. బట్టపై నవ్వు మనిషిపై చేయిగా మారుటకు అచ్చట ఎంతో కాలము పట్టలేదు.

మనదేశమున మాత్రము తక్కువ జరిగెనా? గాంధిమహాత్ముడు 1921 సెప్టెంబరులో మధురలో కొల్లాయి కట్టగా, పదియేండ్ల పిదప చర్చిలు దొర ఆయనను అర్ధనగ్న ఫకీరని ఈసడించెను. తక్కువ కట్టినను తప్పే. 1983లో ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారు తరువాత విశాలమైన కాషాయవస్త్రములు ధరింపగా చేతులెత్తి మ్రొక్కినవారును గలరు, వేషమని నవ్వినవారును గలరు. హెచ్చుగా కట్టినను తప్పే. ఇక మన తాతల పంచె మాట చూడుడు. ఎనిమిది మూరల పంచె యనగా నాలుగు గజములు. పైన ఉత్తరీయము వేరు. మనుమని ప్యాంటుకు పట్టినది రెండు మీటర్లు మించదని కుట్టుపని యామె లెక్కగట్టి చెప్పెను. కుచ్చిళ్ళు, జారు అంచులు, గాలియాడు వెడల్పు మనకు పారిసునుండి రానక్కరలేదు. అవి మన దండెముమీదనే యున్నవి. కుట్టు పడగానే కన్నునకు క్రొత్తయైనది, అంతియే.

ఇట్లనుటచే యువకులు కట్టినదెల్లయు మెచ్చుకొనవలెనని మా యభిప్రాయము గాదు. అడుగదగిన ప్రశ్నలు కొన్ని గలవు. నేలను రాచు అంచు మోటారుసైకిలు గొలుసులో చిక్కుకొనదా? పొలమున నూర్పిడి యంత్రముచెంత, పట్టా తిరుగుచోట, వ్రేలాడు గుడ్డ ప్రాణాపాయము గాదా? నెలజీతము చాలని యింట ఒక్క కోటుకై అప్పు చేయవచ్చునా? బురద యంటిన ఆ బరువు ప్యాంటును ఉతుకువారెవరు, ధరించినవాడా, వాని తల్లియా? ఈ ప్రశ్నలను నెమ్మదిగా నడిగిన, పిల్లలు విందురు. గోనెసంచి యని నవ్విన, చెవులు మూసికొందురు. ప్రశ్న బట్టను గూర్చినది. నవ్వు మనిషిని గూర్చినది.

మరియొక మాటను గూడ సోదరీమణులకు మనవి చేయవలసి యున్నది. ఆ యుదయమున మనుమడు గాక మనుమరాలు అట్టి క్రొత్త దుస్తులతో వసారాలోనికి వచ్చియుండిన ఏమి జరిగియుండును? నవ్వు రాకపోవును, కోపము వచ్చును. గాలిపటమను మాటకు బదులు పరువను మాట వినవచ్చును. లంగా ఓణీ విడిచి పంజాబీ డ్రెస్సు వేసికొన్న మొదటి పిల్లలు ఎన్ని మాటలు పడిరో మనలో పెక్కురు ఎరుగుదురు. నేడు ఆ దుస్తు వర్నివంటి యూళ్ళలో అమ్మమ్మలకును అలవాటైనది. మగవాని బట్ట నవ్వులాటగను, ఆడుదాని బట్ట నేరముగను తోచు చూపు మారవలెనన్న, ముందు మన వసారాలో ఆ రెంటిని ఒకే కొలబద్దతో కొలువవలెను. మాటలు పడిన మనమే మాటలు విసరుట తగునా?

ఇక నా యింటి సంగతి ముగించెదము. భోజనమునుండి తిరిగివచ్చిన పిదప నాయనమ్మగారు బీరువా తెరచి, చీరల మడతల నడుమనుండి ఒక పాత ఛాయాపటము తీసి తాతగారి ముందుంచిరి. 1976 నాటిది. అందు నూనూగు మీసముల తాతగారు చేటలవంటి కాలరుతో, చీపురువలె విచ్చిన బెల్‌బాటము ప్యాంటుతో నిలిచి యున్నారు. "ఈ ప్యాంటు అంచులు అరిగిపోకుండా జిప్పు కుట్టింది నేనే కదండీ. మీ నాన్నగారు ఆ రోజున, వీధి ఊడ్చే ఉద్యోగం నీకు ఎవరిచ్చారురా అన్నారు. మరిచిపోయారా?" అని యామె యడిగిరి.

తాతగారు చాలసేపు ఆ పటమును చూచి, "మరిచిపోలేదు. ఆ పూట నేను అన్నం తినలేదు" అనిరి.

పిమ్మట లేచి గది వాకిట నిలిచి మనుమని పేరు పెట్టి పిలిచిరి. లోపల వారేమి మాటాడుకొనిరో మేము వినలేదు, వినదగినదియు గాదు. సాయంకాలము ఇద్దరును కాలువగట్టు వెంబడి నడచి పోవుచుండగా మాత్రము చూచితిమి. ముసలాయన పంచెయు, పిల్లవాని ప్యాంటును పైరుగాలికి ఒకే తీరున రెపరెపలాడుచుండెను. మరునాడు వాడు హైదరాబాదు పోలేదు. నాయనమ్మగారు సూదిదారము తీసికొని వాని ప్యాంటు అంచు రెండంగుళములు పైకి మడిచి కుట్టిరి, వాడు వలదనలేదు.

మేము వాని యెదుట క్షమాపణ చెప్పుకొనలేకపోతిమి. ఈ పత్రిక వాని తల్లి చదువును. ఆమె ద్వారమున మా మాట వానికి చేరునని యాశించుచున్నాము. మీ యిండ్లలోను నేడో రేపో ఒక పిల్లవాడో పిల్లయో మీకు నచ్చని వేషముతో వసారాలోనికి వచ్చును. అప్పుడు నోరు తెరచుటకు ముందు బీరువాలోని పాత పటము నొకసారి తలచుకొనుడు.