మా హోటళ్ల పెరటివైపు: ఒక ప్రణాళిక

మేం కోయంబత్తూరు, మదురైలలో భోజన హోటళ్లు, లాడ్జీలు నడుపుకునే తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర తమిళం. పదహారో శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు మదురై ఏలుబడికి వచ్చాడు. ఆ కాలానికి కాస్త అటూఇటూగా మా పెద్దలు విడతలు విడతలుగా ఇటు వచ్చి స్థిరపడ్డారు. చోటిచ్చిన నేలకు బాకీ ఉన్నాం. అది ఎలా తీర్చాలో ఇక్కడ రాసుకుంటున్నాం.

మాకు ముందు దారి వేసినవాళ్లున్నారు. మదురైని ఏలిన రాణి మంగమ్మ పేరిట సత్రం మదురై రైల్వే స్టేషన్ ఎదుట ఇప్పటికీ ఉంది. కోయంబత్తూరు పీళమేడులోని గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని ఐదు వాటాలు వేసి ఐదోది ధర్మానికి రాశారు. 1926 నాటి ఆ పి.ఎస్.జి. ధర్మసంస్థ ఇవాళ ఎన్ని కాలేజీలు నడుపుతోందో అందరికీ తెలుసు. తర్వాత పారిశ్రామికవేత్తగా పేరు తెచ్చుకున్న జి.డి. నాయుడు కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా చేసి కూడబెట్టిన డబ్బుతోనే మోటార్ సైకిల్ కొన్నాడు. 1976లో డాక్టర్ వెంకటస్వామి మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టి, డబ్బు ఇచ్చేవాడికీ ఇవ్వలేనివాడికీ ఒకే వైద్యం అన్నారు. ఈ పేర్లు పెళ్లి పందిళ్లలో గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోని సంగతి ఇంకొకటుంది.

మా మరుగుదొడ్లు కడిగేవాళ్లలో, ఊరి మురుగు ఎత్తేవాళ్లలో చాలామంది అరుంధతీయులనే దళితులు. వాళ్ల ఇళ్లలోనూ మాట తెలుగే. మనకూ వాళ్లకూ మధ్య పెరటి తలుపు. ఆ పక్కనే కిటికీ గట్టు మీద సొట్టపోయిన స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంటుంది. టీ మాస్టర్ దాన్ని ముట్టుకోడు, టీ గిన్నె ఎత్తి పట్టి పైనుంచి పోస్తాడు. కొంగునాడు పల్లెల టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతే పట్నానికి వచ్చి పెరట్లో దాక్కుంది. వెంకటస్వామి గారిని పొగిడే నోటితో దీన్ని సమర్థించలేం. ఆ గ్లాసు ఇక ఉండదు. కడిగే మనిషి మా హాల్లోనే, అదే బల్ల దగ్గర, అదే ఆకులో తింటారు. ఇష్టం లేని గిరాకీ పోతే పోనీ.

రక్షణ సాధనాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. సాధనాలున్నా మేం దించం. యంత్రం రావడం ఆలస్యమైతే అందాకా లాడ్జీ మూస్తాం.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని హోటల్ పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. అయినా "చుట్టాలబ్బాయి, సెలవులకు వచ్చాడు" అనే సాకు మా వీధుల్లో ఇంకా చెల్లుతోంది. మా దగ్గర చెల్లదు.

బీహారు, ఒడిశాల నుంచి మా దగ్గరికి పనికి వచ్చిన కుర్రాళ్లకు మిద్దె మీద రేకుల కింద పడకలు వేయం. గాలి ఆడే గది, వారానికో సెలవు, నెల మొదట్లోనే బ్యాంకులో జీతం. మన పెద్దలూ భాష రాని ఊళ్లో దిగినవాళ్లేగా! దుకాణాల్లో పనివాళ్లకు కూర్చునే వీలుండాలని తమిళనాడు 2021లో చట్టం చేసింది. సప్లయర్లకూ ఒక బల్ల వేద్దాం.

మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని నిబంధన. ఆ నూనెను బజ్జీల బండికి అమ్మడం మానేద్దాం. జిడ్డు నీళ్లు నొయ్యల్ నదిలోకో వైగై నదిలోకో పోనివ్వం.

ధరలు తగ్గిస్తామని మాత్రం అనడం లేదు. కోయంబత్తూరు సింగానల్లూరులో శాంతి సోషల్ సర్వీసెస్ క్యాంటీన్ తక్కువ ధరకు మంచి భోజనం పెడుతోంది. అది ధర్మసంస్థ, మేం వ్యాపారులం, లాభం చూసుకుంటాం. లాభంలో ఐదో వంతు పక్కన పెడదామంటే అందరం ఒప్పుకోలేదు. పనివాళ్ల వైద్యం ఖర్చు మాదేనని మాత్రం అందరం ఒప్పుకున్నాం.

మా వంటగదికి తాళం లేదు. తినడానికి వచ్చినవాళ్లు ఎవరైనా లోపలికి వచ్చి చూడవచ్చు. తప్పు కనబడితే గల్లాపెట్టె దగ్గరే, పదిమంది ముందే అడగండి.