ఒక్క గిన్నె వంట

"ఇదేం వంటమ్మా? చేపలో చింతపండు లేదు, కారం లేదు. జ్వరమొచ్చిన వాళ్ళకి పెట్టే తిండిలా ఉంది!"

పోయిన చలికాలం హాంబర్గ్‌లో మా ఇంటికొచ్చిన అత్తగారు, నేను చేసిన జర్మన్ చేపల ఐన్‌టాఫ్ చూసి అన్న మాట. నేనేం నొచ్చుకోలేదు. మొదటిసారి తిన్నప్పుడు నేనూ అదే అనుకున్నాను.

ఐన్‌టాఫ్ అంటే "ఒక్క గిన్నె" అని అర్థం. దుంపలు, కూరగాయలు, చేప అన్నీ ఒకే గిన్నెలో. పక్కన బ్రెడ్ ముక్క. భోజనం అంతే. నేర్పింది మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ. ఇక్కడ చాలామందికి శుక్రవారం చేప తినడం ఆనవాయితీ. మాకేమో శుక్రవారం నీసు పనికిరాదు. అందుకే మా ఇంట్లో అది బుధవారం వంట.

ఇక్కడి కొట్లలో క్యారెట్, లీక్ (ఉల్లికాడలకి పెద్దక్కలా ఉంటుంది), సెలరీ దుంప, పార్స్‌లీ కలిపి సూప్ కోసమని కట్టగా అమ్ముతారు. ఒక కట్ట, అరకిలో బంగాళదుంపలు ముక్కలు కోసి వెన్నలో కాసేపు మగ్గించి, లీటరు నీళ్ళు, ఉప్పు, మిరియాలు వేసి ఇరవై నిమిషాలు ఉడికించాలి. అరకిలో ముల్లులేని కాడ్ చేప ముక్కలకి నిమ్మరసం, ఉప్పు పట్టించి చివర్లో వేయాలి. ఇక మరగనివ్వకూడదు. సన్న సెగ మీద మూత పెట్టి ఆరేడు నిమిషాలు చాలు. గరిటె పెడితే ముక్క చిదిమిపోతుంది, మన పులుసులాగే గిన్నె పట్టుకుని కదపాలి. దించేముందు కాస్త క్రీమ్, చెంచాడు ఆవాల ముద్ద, సోయకూర.

నా గొడవ మాత్రం రుచి గురించి కాదు. పులుసు చేసిన రోజు చింతపండు నానబెట్టడం, ఉల్లిపాయ నూరడం, అన్నం, కారం తినని పిల్లాడికి పప్పు, ఆపైన సింకు నిండా గిన్నెలు. సాయం చేయమంటే మావారు, "నీ చేతి రుచి నాకెక్కడొస్తుంది?" అని మెచ్చుకుంటూ తప్పించుకునేవారు. ఆ మెప్పుకి మురిసిపోయి ఎన్నేళ్ళు ఒక్కదాన్నే వండానో!

ఐన్‌టాఫ్‌తో ఆ సాకు చెల్లలేదు. మా ఇద్దరి అమ్మలూ ఎప్పుడూ చేయని వంట అది. "మా అమ్మ ఇలా చేయదు" అనడానికి లేదు, "నీలా రాదు" అనడానికీ లేదు. రెండుసార్లు చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు బుధవారం పొయ్యి ఆయనదే.

కొడుకు లీక్ తరుగుతుంటే అత్తగారు వంటింటి గుమ్మంలో పావుగంట నిలబడ్డారు, "నువ్వెళ్ళమ్మా" అని నాకు సైగలు చేస్తూ. నేను కదల్లేదు. చివరికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. చాలాసేపయ్యాక నెమ్మదిగా అన్నారు: "మీ మామగారికి కాఫీ కలుపుకోవడం కూడా నేను నేర్పలేదే."

ఆ రాత్రి ఆవకాయ నంజుకుంటూ గిన్నెడు తిన్నారు.

పులుసు మానేయమని నేననను. ఆదివారం మా ఇంట్లో పులుసే, మర్నాటికి మరింత బాగుంటుంది కూడా. కానీ వారానికి ఒక్క పూటైనా, ఎవరి అమ్మ చేతి వంటతోనూ పోల్చడానికి వీల్లేని వంట ఇంట్లో ఉండాలి. అది చేపల ఐన్‌టాఫే కానక్కర్లేదు. మీ ఇంట్లో ఏదైతే బావుంటుందో మీరే చెప్పండి.