ఊఫర్ పెట్టుకుందాం, మనిషి చోటు తీయకుండా

పోస్టు కొంచెం పెద్దదే. జీపులు, ఆటోలు నడిపే మన అన్నలు మాత్రం ఓపిగ్గా చివరిదాకా చదవాలి.

హాస్టల్లో ఉండే మేమందరం సెలవులకి ఊరెళ్లేది సర్వీసు జీపుల్లోనే. పాడేరు వైపు చాలా ఊళ్లకి బస్సు ఉండదు, ఉన్నా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ జీపుల్లో వెనక రెండు బల్లల మధ్య ఈమధ్య కొత్త ప్యాసింజర్ ఒకడు కూర్చుంటున్నాడు. డబ్బులివ్వడు, ఎక్కడా దిగడు, ముసలమ్మ ఎక్కినా జరగడు. వాడే పన్నెండు అంగుళాల ఊఫర్ పెట్టె.

మేము పాటకి వ్యతిరేకం కాదు. డప్పు, తుడుము వింటూ పెరిగినవాళ్లం, బేస్ అంటే మాకూ ఇష్టమే. థింసా పాట మంచి సౌండులో వస్తుంటే ఘాట్ రోడ్డు ఎంత దూరమైనా తెలీదు. "ఏజెన్సీ కుర్రాళ్లకి సౌండు పిచ్చి" అని కిందవాళ్లు నవ్వితే మేము వాళ్లతో కలిసి నవ్వం. డిగ్రీ చదివి ఉద్యోగం రాక, ఫైనాన్సులో బండి తీసుకుని నడుపుతున్న అన్నలు మనవాళ్లే. పాట లేని బండి వదిలేసి కుర్రాళ్లు పక్క బండి ఎక్కేస్తారని వాళ్లు చెప్పేది కూడా నిజమే.

కానీ సంత రోజు చూడండి. పసుపు బస్తా, మిరియాల మూట, చంటిపిల్లతో అమ్మ. పెట్టె ఉన్న చోట ఇద్దరు కాళ్లు పెట్టుకోవచ్చు. అక్కడ చోటు లేకపోతే ఒకరు వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడాలి. ఇంకో మాట. రోడ్డు లేని ఊళ్లనుంచి ఇప్పటికీ డోలీలోనే పేషెంటుని మోసుకొస్తున్నాం. అంత దూరం మోసి రోడ్డెక్కాక అంబులెన్సు అందకపోతే దిక్కు ఈ జీపే. రెండు బల్లల మధ్య పడుకోబెట్టాల్సిన చోట స్క్రూలు బిగించిన పెట్టె ఉంటే ఆ మనిషిని ఎక్కడ పడుకోబెట్టాలి? అక్కడ పెట్టె పోతే బేస్ తగ్గుతుందంతే. పెట్టె ఉంటే పోయేది ప్రాణం కావచ్చు.

బేస్ కూడా తగ్గక్కర్లేదు. ఫిజిక్స్ చదువుతున్నాం కాబట్టి తెలిసింది చెప్తాం. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 40 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. మన జీపు కంటే పెద్దది! అందుకే 80 హెర్ట్జ్ కంటే కింది సౌండు ఎటునుంచి వస్తుందో చెవి సరిగా పట్టలేదు. ఊఫర్ కళ్లెదురుగా ఉన్నా, బల్ల కింద ఉన్నా వినేవాళ్లకి పెద్ద తేడా తెలీదు. అంటే చోటు ఎంచుకునే వీలు మన చేతిలోనే ఉంది.

కాబట్టి ముందు టేపు తీసి బల్ల కింద కొలవండి. లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 50, 20, 15 అయితే 15 లీటర్లు. రంధ్రం లేకుండా పూర్తిగా మూసిన పెట్టె అయితే చాలా ఎనిమిదంగుళాల ఊఫర్లకి అది సరిపోతుంది. గొట్టం పెట్టిన పెట్టెకి మామూలుగా ఇంకా ఎక్కువ చోటు కావాలి. లోతు తక్కువున్న స్లిమ్ ఊఫర్లు, యాంప్ లోపలే ఉన్న సీటు కింది మోడళ్లు కూడా దొరుకుతున్నాయి. కోను ముందు కొంచెం ఖాళీ, పైన ఇనుప జాలీ ఉంటే మూటలు తగిలి చిరగదు. వానాకాలం బురద కాళ్లతో ఎక్కుతాం కదా, పెట్టెని నేలకి ఆనించకుండా రబ్బరు ముక్కల మీద ఎత్తి, బోల్టులతో గట్టిగా బిగించాలి. ఘాట్‌లో సడన్ బ్రేకు వేస్తే ఊడిన పెట్టె జనం కాళ్ల మీదికే వస్తుంది.

డ్రిల్లు పెట్టేముందు కింద ఆయిల్ ట్యాంకు, పైపులు, వైర్లు ఎక్కడున్నాయో చూడండి. గ్యాసు ఆటో అయితే సిలిండర్ దగ్గర అసలు ముట్టుకోవద్దు. 300 వాట్లు 12 వోల్టుల మీద లాగితే 25 ఆంపియర్లు. సన్నని వైరు వేడెక్కి కాలిపోతుంది. మందం వైరు వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించండి. ఇంకోటి, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. డబ్బులు రెట్టింపు, సౌండు కొంచెం. పక్కలు తెరిచున్న బండిలో బేస్ సగం బయటికే పోతుంది, ఎంత పెద్దది పెట్టినా రోడ్డుకి వినిపించడమే.

చెవుల సంగతి కూడా ఆలోచించండి. రోజుకి 85 డెసిబెల్స్ అయితే ఎనిమిది గంటలు దాటకూడదని నిపుణుల లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ టైము సగం అవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలే. ప్యాసింజర్ గంటలో దిగిపోతాడు, డ్రైవరన్న రోజంతా అందులోనే ఉంటాడు. పైగా ఘాట్ మలుపులో ఎదుటి బండి హారన్ వినపడకపోతే అందరం లోయలోనే.

మా అభిప్రాయం ఇది. సీటు పీకి, కాళ్ల చోటు ఆపి ఊఫర్ పెట్టొద్దు. బల్ల కింద పట్టేదే పెట్టండి, మలుపుల్లో తగ్గించండి, పేషెంటు ఎక్కితే ఆపేయండి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే మన తమ్ముళ్లు ఊళ్లో బండ్లకి కొలతలు తీసి, వైరింగ్ చూసి పెట్టొచ్చు. మనం చదివిన చదువు ముందు మన రోడ్డు మీదే పనికి రావాలి. కుర్రాళ్లకీ ఒక మాట: సౌండు చూసి కాదు, చోటు చూసి బండెక్కుదాం. మనం అలా ఎక్కడం మొదలుపెడితే పెట్టెలు వాటంతటవే బల్ల కిందికి పోతాయి.

మీ ఊరి జీపుల్లో ఎలా ఉందో మీరూ రాయండి. ఈ పోస్టు డ్రైవరన్నలకి చదివి వినిపించండి. జై ఆదివాసీ.