గీత ఎవరికోసం జరిగింది?

‘ఒక కప్ప కోసం గని ఆపాలా?’ అని ఎవడైనా నవ్వితే, తమ్ముడూ, చెల్లీ, వాడితో పాటు నువ్వూ నవ్వేయకు. ముందు నింబా కొండ సంగతి విను.

పశ్చిమ ఆఫ్రికాలో గినీ, ఐవరీ కోస్ట్, లైబీరియా మూడు దేశాలూ కలిసేచోట ఉందది. సుమారు 1,200 మీటర్ల ఎత్తు దాటాక అడవి పోయి గడ్డి మొదలవుతుంది. ఆ గడ్డిలో బొటనవేలంత గోదురుకప్ప ఒకటి బతుకుతోంది. గుడ్లు పెట్టదు. చెరువుతో పని లేదు, తోకకప్పల దశా లేదు. ఆడకప్ప తొమ్మిది నెలలు పిల్లల్ని కడుపులో మోస్తుంది, లోపల ఊరే రసంతోనే పెంచుతుంది. ఎండాకాలమంతా నేలలో దాక్కుని, వానలు పడ్డాక పైకొచ్చి కంటుంది. మన అమ్మల్లాగే తొమ్మిది నెలలు! ఈ కప్ప ఆ కొండ మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దీనికి పునరావాస ప్యాకేజీ ఇచ్చి కిందికి పంపించలేరు.

ఆ గడ్డి కిందే మేలురకం ఇనుప ఖనిజం ఉంది. అదే వచ్చిన చిక్కు.

1944లో ఫ్రెంచి వలస ప్రభుత్వం అక్కడ కఠిన రిజర్వు గీత గీసింది. చుట్టుపక్కల కోనో, మానో రైతులకు లోపల సాగు లేదు, వేట లేదు. 1981లో గినీ వైపు భాగాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. 1992లో ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో పెట్టింది. గని ప్రతిపాదన దానికొక కారణం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఖనిజం ఉన్న 1,550 హెక్టార్లు వారసత్వ గీతకు బయటే ఉన్నాయని తేల్చారు! రైతు కోసం జరగని గీత ఇనుము కోసం జరిగింది. కప్పకు ఆ గీత తెలీదు, దాని గడ్డి అటూ ఉంది, ఇటూ ఉంది.

లైబీరియా వైపు 1960ల నుంచి 1989 దాకా తవ్వారు. కొండ పోయి గొయ్యి మిగిలింది.

నేను రిజర్వుకు వ్యతిరేకిని కాదు. అది లేకుంటే కప్ప ఎప్పుడో పోయేదేమో. పేదోడి ముందు బండరాయిలా ఉన్న గీత కంపెనీ ముందు మైనంలా ఎందుకు కరిగిందన్నదే నా గొడవ.

2013లో సుప్రీంకోర్టు అడగమంటే నియమగిరిలో 12 గ్రామసభలకు 12 గ్రామసభలూ గని వద్దన్నాయి. రేపు మీ కొండకూ ఎవరో మ్యాపు పట్టుకొస్తారు. దాన్ని గ్రామసభలో నేల మీద పరిపించు. పాత గీత ఎక్కడుంది, కొత్తది ఎక్కడుంది, రెండింటి మధ్యా ఏముందో వేలు పెట్టి అడుగు.